ఉటంకింపుల లెక్కలో ఫ్రెడరిక్ సాంగర్
(పరిశోధక విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న ఆచార్యులకు, ఎదురుగా కూర్చున్న పరిశోధక విద్యార్థులకు నమస్కారం.

ఒక అణుజీవశాస్త్రవేత్త పరిశోధన జీవితాన్ని, ఆయన పేపర్లకు వచ్చిన సైటేషన్లను, అంటే ఇతరుల పేపర్లలో వాటికి వచ్చిన ఉటంకింపులను, పక్కపక్కన పెట్టి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఈ రెండింటినీ కలిపి చూడడం ఇవాళ మనకు అలవాటైపోయింది. ఏ దరఖాస్తు తీసుకున్నా పేరు, పుట్టిన తేదీ, చదువు తరువాత ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ ఎంత అనే గడులు వస్తాయి. చేసిన పని ఏమిటన్న ప్రశ్న ఆ గడులు దాటాక గానీ రాదు. ఆ గడుల్లో సరిగా ఇమడని ఒక జీవితాన్ని తీసుకుంటే వాటి స్వభావం తేటగా తెలుస్తుందనిపించి ఫ్రెడరిక్ సాంగర్‌ను ఎంచుకున్నాను. 1958లో ఒకసారి, 1980లో మరోసారి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న మనిషి ఆయన. 2022లో బ్యారీ షార్ప్‌లెస్‌కు రెండో నోబెల్ వచ్చేదాకా ఆ శాస్త్రంలో ఆ ఘనత సాంగర్ ఒక్కరిదే. అంతటి వ్యక్తికి సైటేషన్ల లెక్క ఎందుకని మీరు అడగవచ్చు. ఆ లెక్క ఆయన గురించి చెప్పేది కొంతే. తన గురించి తాను చెప్పుకునేది మాత్రం చాలా ఉంది.

2014 అక్టోబరులో 'నేచర్' పత్రిక, సైటేషన్లను నమోదుచేసే వెబ్ ఆఫ్ సైన్స్ అనే సమాచార నిధి లెక్కల ప్రకారం అప్పటిదాకా అత్యధికంగా ఉటంకించబడిన వంద పేపర్ల జాబితాను ప్రచురించింది. మొదటి స్థానంలో ఆలివర్ లౌరీ, ఆయన సహచరులు 1951లో రాసిన పేపరు ఉంది. ఒక ద్రావణంలో ఎంత ప్రోటీన్ ఉందో కొలిచే పద్ధతి అది. దానికి వచ్చిన సైటేషన్లు 3,05,148. రెండోది ఉల్రిక్ లెమ్లి 1970లో రాసినది, 2,13,005. మూడోది మేరియన్ బ్రాడ్‌ఫోర్డ్ 1976లో రాసినది, 1,55,530. నాలుగో స్థానంలో ఫ్రెడరిక్ సాంగర్, స్టీవ్ నిక్లెన్, అలన్ కూల్సన్ 1977 డిసెంబరులో ప్రచురించిన ఐదు పేజీల పేపరు ఉంది. డీఎన్‌ఏ వరుసను చదివే పద్ధతి అది. దాని లెక్క 65,335. మూడుకీ నాలుగుకీ మధ్య ఉన్న అగాధాన్ని గమనించండి. వందో స్థానంలో ఉన్న పేపరుకు వచ్చినవి సుమారు పన్నెండు వేలు.

జాబితాలో ఉన్నవాటి కంటే లేనివి ఎక్కువ పాఠం చెబుతాయి. డీఎన్‌ఏ జంట పేటల నిర్మాణాన్ని ప్రకటించిన 1953 నాటి వాట్సన్, క్రిక్ పేపరు అందులో లేదు. సాంగర్‌కు మొదటి నోబెల్ తెచ్చిన ఇన్సులిన్ పేపర్లలో ఒక్కటీ లేదు. ఉన్నవాటిలో అత్యధిక భాగం ప్రయోగ పద్ధతులు, గణాంక పద్ధతులు, సాఫ్ట్‌వేర్లు. దీనికి కారణం గూఢమైనదేమీ కాదు. ఒక సత్యాన్ని కనుగొన్న పేపరును ఆ సత్యం మీద పనిచేసేవారే ఉటంకిస్తారు. ఒక పనిముట్టును ఇచ్చిన పేపరునైతే, దాన్ని చేతబట్టిన ప్రతివాడూ, కాలేయం మీద పనిచేసేవాడూ వరి మీద పనిచేసేవాడూ కూడా, తన 'పద్ధతులు' అధ్యాయంలో ఉటంకించి తీరాలి. అది మెప్పు కాదు, సమీక్షకుడు అడిగే రసీదు. తన పేపరు అంత గొప్పదేమీ కాదని తనకు తెలుసనీ, అయినా ఈ స్పందన చూస్తే లోలోపల సంతోషంగానే ఉంటుందనీ లౌరీ స్వయంగా రాసుకున్నారు.

లెమ్లి పేపరు కథ ఇంకా విచిత్రం. ఆయన రాసింది టీ4 అనే బ్యాక్టీరియోఫేజ్, అంటే బ్యాక్టీరియాకు సోకే వైరసు, తల ఎలా కూడుకుంటుందన్న విషయం గురించి. ప్రోటీన్లను ఎస్‌డీఎస్ అనే రసాయనం కలిపిన జెల్ మీద విడదీసే పద్ధతి ఆయనకు దారిలో తగిలిన సాధనం మాత్రమే. పేపరులో అది ఒక బొమ్మ కింది వివరణలో ఉంటుంది. ఆ రెండు లక్షల పైచిలుకు మందిలో టీ4 ఫేజ్ తల గురించి చదివినవారు ఎందరో నేను ఊహించదలచుకోలేదు. ఆ పని జరిగింది కేంబ్రిడ్జిలోని ఎమ్మార్సీ (బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి) అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో, అంటే సాంగర్ పనిచేస్తున్న భవనంలోనే. ప్రపంచ జాబితాలో రెండో పేపరూ నాలుగో పేపరూ ఒకే కప్పు కింద పుట్టాయి. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

ఇక్కడ మనవాడి మాట ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. భీమవరంలో పుట్టి హార్వర్డ్ వైద్య కళాశాలకు చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. మీలో జీవరసాయనశాస్త్రం చదివినవారంతా మాలిబ్డేట్ కలిపి, నీలిరంగు వచ్చేదాకా ఆగి, కలరీమీటరులో చూసి రికార్డులో 'ఫిస్కే–సుబ్బారావు పద్ధతి' అని శీర్షిక పెట్టినవారే. ఆ పేపరును తరతరాల పరిశోధకులు వేల సార్లు ఉటంకించారు. అదే ఇద్దరు కణాలకు శక్తినందించే అణువులైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో కండరంలో గుర్తించారు. జీవశక్తి గురించి మన అవగాహనను మార్చినవి ఆ రెండు ఆవిష్కరణలు. వారి పేరును ఇవాళ్టికీ ప్రయోగశాలలో పలికిస్తున్నది మాత్రం వాటికి దారి చూపిన కొలత పద్ధతి. సాంగర్ విషయంలో జరిగినదీ ఈ తీరే.

సాంగర్ 1918 ఆగస్టు 13న ఇంగ్లండులోని రెండ్‌కూంబ్ అనే గ్రామంలో ఒక వైద్యుడి కొడుకుగా పుట్టారు. యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖ అయిన క్వేకర్ల కుటుంబం, రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టనని చెప్పి మినహాయింపు పొందారు. తాను చదువులో ప్రతిభావంతుణ్ణి కాననీ, తల్లిదండ్రులకు డబ్బు లేకపోతే కేంబ్రిడ్జిలో చదివేవాణ్ణే కాదనీ ఆయన తరువాతి కాలంలో దాపరికం లేకుండా రాశారు. 1943లో లైసిన్ అనే అమైనో ఆమ్లం జీవక్రియ మీద డాక్టరేటు పూర్తిచేశాక, కొత్తగా వచ్చిన ఆచార్యుడు ఛిబ్నాల్ ఆయనకు ఇన్సులిన్ అణువు చివరల్లో ఉన్న అమైనో సమూహాలను పరిశీలించమని చెప్పారు. ఇన్సులిన్‌నే ఎంచుకోవడానికి పెద్ద సిద్ధాంతమేమీ లేదు: అప్పట్లో శుద్ధ రూపంలో కొనుక్కోగలిగిన అతి కొద్ది ప్రోటీన్లలో అది ఒకటి.

ఆ కాలంలో ప్రోటీన్ అంటే ఏమిటన్న విషయం మీదే ఏకాభిప్రాయం లేదు. ఒకే ప్రోటీన్ అణువులన్నిటిలోనూ అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ గొలుసులోని పూసలు, ఒకే వరుసలో ఉంటాయా, లేక రకరకాల వరుసల మిశ్రమాన్ని మనం ఒక పేరుతో పిలుస్తున్నామా అన్నది తేలని ప్రశ్న. సాంగర్ ఎఫ్‌డీఎన్‌బీ అనే రసాయనాన్ని గొలుసు చివరనున్న అమైనో సమూహానికి అంటించారు. అది అతుక్కున్న అమైనో ఆమ్లం పసుపు పచ్చగా మారుతుంది. గొలుసును ఆమ్లంతో ఉడికించి ముక్కలు చేసినా ఆ పసుపు ఊడదు. చివరన ఎవరున్నారో అలా తెలిసింది. ఆ పైన, గొలుసును పూర్తిగా కాకుండా సగం సగం తెంచి, ఆ చిన్న ముక్కలను కాగితపు క్రొమటోగ్రఫీతో, అంటే కాగితం మీద ద్రవంతో పాకించి, విడదీసి, ఒక ముక్క తోక మరో ముక్క తలతో ఎక్కడ కలుస్తుందో చూసుకుంటూ మొత్తం వరుసను పేర్చారు. ఇన్సులిన్‌లోని రెండు గొలుసుల్లో 30 అమైనో ఆమ్లాల గొలుసును వియన్నా నుంచి వచ్చిన హాన్స్ టుప్పీతో కలిసి 1951లోను, 21 అమైనో ఆమ్లాల గొలుసును థాంప్సన్‌తో కలిసి 1953లోను పూర్తిచేశారు. రెంటినీ కలిపే గంధకపు బంధాలు ఎక్కడెక్కడ ఉన్నాయో 1955 నాటికి తేలింది. మొదటి కొలతకూ చివరి బంధానికీ మధ్య పదేళ్ళకు పైగా గడిచాయి.

దాని ఫలితాన్ని ఒక్క వాక్యంలో చెప్పాలంటే, ప్రతి ప్రోటీన్‌కూ ఒక నిర్దిష్టమైన వరుస ఉందని రుజువైంది. ఆ రుజువు లేకపోతే డీఎన్‌ఏలోని అక్షరాల వరుసే ప్రోటీన్‌లోని వరుసను నిర్ణయిస్తుందని 1957లో ఫ్రాన్సిస్ క్రిక్ ధైర్యంగా ప్రతిపాదించడానికి ఆధారమే ఉండేది కాదు. జన్యుసంకేతం మీద జరిగిన పనంతా ఆ పునాది మీద నిలిచింది. అయినా జన్యుసంకేతం గురించి ఇవాళ రాసేవారెవరూ 1951 నాటి సాంగర్, టుప్పీ పేపరును అడుగున పెట్టరు. ప్రోటీన్‌కు ఒక వరుస ఉంటుందని చెప్పడానికి ఆధారం చూపించమని ఎవరూ అడగరు కదా. ఒక ఆవిష్కరణ పూర్తిగా గెలిచి సామాన్య జ్ఞానంలో కలిసిపోయినప్పుడు దాని మూలాన్ని ఉటంకించడం మానేస్తారని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ వివరించారు. ఏ పేపరును ఎవరు ఉటంకించారో నమోదుచేసే సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను స్థాపించిన యూజీన్ గార్‌ఫీల్డ్ కూడా ఈ సంగతిని పదేపదే గుర్తుచేసినవారే. ఆ సూచికను తయారుచేసినవాడే దాని హద్దును చెప్పాడన్నది, దాన్ని వాడే సంఘాలు మరచిపోయిన విషయం.

1955 తరువాత ఏమైంది? ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నదానికి కీలకం ఈ ఏళ్ళలో ఉంది. 1958లో నోబెల్ వచ్చింది. ఆయన వయసు నలభై. ఆ తరువాత ఆయన చేపట్టిన పనుల్లో చాలా వరకు ఎటూ పోలేదు. రేడియోధార్మిక భాస్వరాన్ని ఎంజైముల క్రియాశీల స్థానాలకు అంటించి ఆ చుట్టుపక్కల వరుసను చదివే ప్రయత్నం చేశారు. పేపర్లు వచ్చాయి, కాని ఇన్సులిన్ స్థాయిది ఏదీ లేదు. ఆ కాలాన్ని తన గడ్డు సంవత్సరాలుగా ఆయనే తన జీవిత కథనంలో వర్ణించారు. అటువంటి కాలం చాలామంది పరిశోధకులకు వస్తుందనీ, పాడైన ప్రయోగం గురించి దిగులు పడుతూ కూర్చోక తరువాతి ప్రయోగాన్ని వేసుకోవడమే దానికి మందనీ ఆయన అభిప్రాయం. 1960ల మధ్యలో డీఎన్‌ఏకు దగ్గరి చుట్టమైన ఆర్‌ఎన్‌ఏ వైపు మళ్ళారు. అక్కడా మొదటి స్థానం దక్కలేదు: 1965లో రాబర్ట్ హోలీ బృందం ఒక బదిలీ ఆర్‌ఎన్‌ఏ వరుసను ముందుగా పూర్తిచేసింది. సాంగర్ బృందం 120 న్యూక్లియోటైడ్ల, అంటే అక్షరాల, 5ఎస్ ఆర్‌ఎన్‌ఏను 1967లో పూర్తిచేసింది. డీఎన్‌ఏ పని ఒక కొలిక్కి రావడానికి మరో పదేళ్ళు పట్టింది.

2013 నవంబరులో సాంగర్ మరణించినప్పుడు, ఆయనతో ఒకే భవనంలో పనిచేసిన సిడ్నీ బ్రెన్నర్ 'సైన్స్' పత్రికలో నివాళి రాశారు. నేటి శాస్త్రలోకంలో ఒక ఫ్రెడ్ సాంగర్ బతికి బట్టకట్టలేడనీ, ఎడతెగని నివేదికలూ మదింపులూ చేసే ఏదో ఒక సంఘం ఇన్సులిన్‌కూ ఆర్‌ఎన్‌ఏకూ మధ్య, ఆపైన డీఎన్‌ఏకూ మధ్య ఉన్న పెద్ద విరామాలను ఎత్తిచూపి, ఆయన మీద ఉత్పాదకత లేనివాడన్న ముద్ర వేసి, ఆయనకిచ్చే కొద్దిపాటి సాయాన్ని కూడా ఆపేస్తుందనీ ఆ నివాళి సారాంశం. బ్రెన్నర్ కాస్త ఘాటుగా రాసే మనిషి. ఆ మధ్యకాలంలో సాంగర్ ఊరికే కూర్చోలేదనీ, ఆయన ప్రయోగశాలనుంచి పేపర్లు వస్తూనే ఉన్నాయనీ మనం సరిచేసుకోవాలి. అయినా మాట మూలం నిజం. ఐదేళ్ళకొకసారి తూకం వేసే పద్ధతిలో 1956 నుంచి 1961 వరకు ఉన్న సాంగర్‌ను తూచితే ముల్లు పెద్దగా కదలదు.

మరి ఆయన ఎలా నిలబడ్డారు? ఆయన వ్యక్తిత్వాన్ని పొగిడి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. 1951 నుంచి 1983 వరకు ఆయన ఎమ్మార్సీ జీతగాడు. పాఠాలు చెప్పాల్సిన పని లేదు, మూడేళ్ళకొక కొత్త ప్రాజెక్టు రాసి సొమ్ము అడుక్కోవలసిన అవసరం లేదు. 1962లో మాక్స్ పెరూట్జ్, జాన్ కెండ్రూ, క్రిక్, బ్రెన్నర్ వంటి వారితో పాటు హిల్స్ రోడ్డులోని కొత్త ప్రయోగశాలకు మారినప్పుడు ఆయన ప్రోటీన్ రసాయన విభాగానికి అధిపతి. ఆ హోదాలో కూడా బల్ల దగ్గర నిలబడి స్వయంగా ప్రయోగాలు చేసేవారు. ఆలోచించడం, మాట్లాడడం, చేయడం అనే మూడింటిలో తనకు చేయడమే ఇష్టమని ఆయన రాసుకున్నారు. ఆ ఇష్టాన్ని ముప్పై ఏళ్ళు నిలుపుకోనిచ్చిన సంస్థ ఉంది కాబట్టే అది ఫలించింది. లెమ్లి జెల్ పద్ధతి కూడా అదే కప్పు కింద పుట్టడాన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయలేం.

ఇక ఆ 65,335 సైటేషన్ల పేపరు దగ్గరికి వద్దాం. 1975లో సాంగర్, కూల్సన్ 'ప్లస్–మైనస్' అనే పద్ధతిని కనుగొన్నారు. ఫైఎక్స్174 అనే వైరసు డీఎన్‌ఏలోని సుమారు 5,375 అక్షరాల వరుసను ఆ పద్ధతితోనే చదివి 1977 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఒక జన్యువు లోపల మరో జన్యువు ఒదిగి ఉండగలదని ఆ వరుసే చూపింది. అయితే పద్ధతి తడబడేది. ఒకే అక్షరం వరసగా వచ్చిన చోట ఎన్నిసార్లు వచ్చిందో తేల్చుకోవడం కష్టమయ్యేది. అప్పుడు వారు డైడియాక్సీ న్యూక్లియోటైడ్లను పట్టుకున్నారు.

సంగతి ఇది. డీఎన్‌ఏ గొలుసు పెరగాలంటే చివరి చక్కెరలో మూడో కార్బన్ మీద ఒక హైడ్రాక్సిల్ సమూహం ఉండాలి. తరువాతి అక్షరం వచ్చి దానికే అతుక్కుంటుంది. డైడియాక్సీ న్యూక్లియోటైడులో ఆ సమూహం ఉండదు. కాబట్టి అది గొలుసులో చేరిందంటే గొలుసు అక్కడితో ఆగిపోతుంది. ఒక గొట్టంలో చదవవలసిన అచ్చు డీఎన్‌ఏ, దానికి జతపడి కొత్త గొలుసుకు మొదలయ్యే చిన్న ప్రైమరు, గొలుసును పెంచే ఎంజైమైన డీఎన్‌ఏ పాలిమరేజ్, రేడియోధార్మిక భాస్వరం ఉన్న అక్షరంతో సహా మామూలు అక్షరాలు నాలుగూ (ఏ, టీ, జీ, సీ) వేసి, వాటితో పాటు డైడియాక్సీ-టీని కొద్దిగా కలుపుతారు. టీ రావలసిన ప్రతి చోటా కొన్ని గొలుసులు ఆగిపోతాయి, తక్కినవి ముందుకు సాగుతాయి. కలిపింది ఎక్కువైతే అన్నీ మొదట్లోనే ఆగిపోతాయి, తక్కువైతే ఏదీ ఆగదు. నేర్పంతా ఆ పాళ్ళలో ఉంది. ఇలాగే ఏకి, జీకి, సీకి ఒక్కో గొట్టం. నాలుగింటినీ పక్కపక్కన పలుచని అక్రిలమైడ్ జెల్ మీద నడిపి, ఎక్స్-రే ఫిల్మును దాని మీద ఉంచి కడిగితే, నాలుగు వరుసల్లో నల్లటి గీతలు నిచ్చెన మెట్లలా కనిపిస్తాయి. అట్టడుగున ఉన్నది అన్నిటికంటే పొట్టి గొలుసు. కింది నుంచి పైకి, ఏ వరుసలో గీత ఉందో చూసుకుంటూ ఒక్కో అక్షరం చదువుకుంటూ పోవడమే. ప్రైమరు నుంచి పదిహేనో అక్షరం మొదలు సుమారు రెండు వందల అక్షరాల దాకా నమ్మకంగా చదవవచ్చని ఆ పేపరు చెబుతుంది.

ఈ పేపరు అడుగున ఉన్న ఉటంకింపుల పట్టికను ఒకసారి చూడండి. డైడియాక్సీ-టీ పాలిమరేజ్‌ను ఆపేస్తుందని 1969లోనే ఆర్థర్ కోర్న్‌బర్గ్ ప్రయోగశాల చూపించింది. సాంగర్ ఆ పేపరును నిజాయితీగా ఉటంకించారు. ఆలోచనకు బీజం అక్కడుంది. ఆ బీజానికి వచ్చిన సైటేషన్లు సాంగర్ పేపరుకు వచ్చినవాటితో పోల్చదగినవి కావు. పద్ధతిని వాడుకునేవాడు పద్ధతిని ఉటంకిస్తాడు, దాని పూర్వీకులను ఉటంకించడు. ఇంకో సంగతి: పేపరు మీదున్న మిగతా రెండు పేర్లు, నిక్లెన్, కూల్సన్, ప్రయోగశాల సహాయకులవి. 65,335లో ప్రతి ఒక్కటీ వారిది కూడా. అయినా ప్రపంచం 'సాంగర్ పద్ధతి' అంటుంది. అందులో వారి పేర్లు వినిపించవు.

అదే సంవత్సరం ఫిబ్రవరిలో హార్వర్డుకు చెందిన అలన్ మాక్సమ్, వాల్టర్ గిల్బర్ట్ రసాయనాలతో గొలుసును తెంచి చదివే మరో పద్ధతిని ప్రచురించారు. తొలి ఏళ్ళలో ఎక్కువ మంది చేపట్టింది దాన్నే, ఎందుకంటే సాంగర్ పద్ధతికి ఒంటి పేట డీఎన్‌ఏ కావాలి, అది అందరి దగ్గరా దొరకదు. యోఆకిం మెస్సింగ్ తయారుచేసిన ఎం13 ఫేజ్ వాహకాలు ఆ అడ్డంకిని తీసేశాయి. కావలసిన ముక్కను ఎం13లో పెడితే ఒంటి పేట తనంత తానే వస్తుంది. ఆ తరువాతే లోకం సాంగర్ వైపు తిరిగింది. 1986లో లీరాయ్ హుడ్ ప్రయోగశాల నాలుగు రంగుల ఫ్లోరోసెంట్ అద్దకాలతో యంత్రం చదివేలా చేసింది. మానవ జన్యుక్రమాన్ని చదివిన యంత్రాల లోపల జరిగింది ఈ 1977 నాటి చర్యే.

ఇప్పుడు పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టరును గుర్తుచేసుకోండి. అది వెనకటి రెండేళ్ళ పేపర్లకు వచ్చిన సైటేషన్లను బట్టి కట్టే సగటు. 1977 డిసెంబరులో వచ్చిన పేపరుకు ఆ కిటికీ 1979తో మూసుకుపోతుంది. సాంగర్ పద్ధతి ఇంటింటి వాడుకలోకి వచ్చింది 1980ల్లో. హెచ్-ఇండెక్స్ సంగతి ఇంకా వింత. 2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన ఈ సంఖ్య ప్రకారం, నలభై పేపర్లకు నలభైకి తక్కువ కాకుండా సైటేషన్లు ఉంటే హెచ్ నలభై. ఆ నలభైలో ఒకదానికి 65,335 ఉన్నా, 41 మాత్రమే ఉన్నా, అది లెక్కలో కలిపేది ఒకటే. అంటే ప్రపంచంలో నాలుగో స్థానంలో ఉన్న పేపరు, దాన్ని రాసినవాడి హెచ్-ఇండెక్స్‌ను ఒక్క అంకె మాత్రమే పెంచుతుంది. తప్పు హిర్ష్‌ది కాదు; నిలకడను కొలవడానికి చేసిన సాధనంతో మనం గొప్పతనాన్ని కొలవబోయాం.

పేరు దాగిపోయిన పేపరు ఒకటి కూడా చెప్పాలి. 1981 ఏప్రిల్‌లో సాంగర్ బృందం మానవ మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగం) డీఎన్‌ఏ పూర్తి వరుసను, 16,569 అక్షరాలను, 'నేచర్'లో ప్రచురించింది. పద్నాలుగు మంది రచయితలు. పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి. సాంగర్ పదో పేరు. దానివల్ల ఆ పేపరు శాస్త్రలోకంలో 'ఆండర్సన్, ఇతరులు'గా స్థిరపడింది. వరుసకు 'కేంబ్రిడ్జి ప్రామాణిక వరుస' అని పేరు వచ్చింది. 1999లో కొద్దిపాటి తప్పులు సరిదిద్దారు. హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణుజీవశాస్త్ర కేంద్రం) శాస్త్రవేత్తలు అండమాన్ ఆదివాసుల మూలాల మీద 2005లో 'సైన్స్' పత్రికలో ప్రకటించిన పని సహా, తల్లి వైపు వంశాన్ని మైటోకాండ్రియా ద్వారా వెతికే పరిశోధనల్లో ఒక మార్పు ఎక్కడుందో చెప్పాలంటే ఆ వరుసలోని స్థాన సంఖ్యతోనే చెబుతారు. రెండు నోబెల్‌లు వచ్చిన (రెండోది వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు) ఆ మనిషి తన పేరును అక్షరక్రమానికి వదిలేశాడు. నేటి దరఖాస్తుల్లో 'మొదటి రచయితగా ఎన్ని, చివరి రచయితగా ఎన్ని' అనే గడికి ఈ పేపరు పనికిరాదు.

అసలు లెక్కకే రానిది మరొకటి. ఆయన తొలి పరిశోధక విద్యార్థి రాడ్నీ పోర్టర్‌కు 1972లో, ఆయన దగ్గరే డాక్టరేటు చేసిన ఎలిజబెత్ బ్లాక్‌బర్న్‌కు 2009లో నోబెల్ వచ్చింది. టెలోమియర్ల, అంటే క్రోమోజోముల చివరి కొసల, వరుసను చదవడానికి ఆమెకు చేతి నేర్పు అబ్బింది సాంగర్ బల్ల దగ్గరే.

మన దేశం సంగతికొస్తే, 2010లో యూజీసీ నియమావళి అధ్యాపకుల నియామకాలకూ పదోన్నతులకూ వారి పనిని అంకెల్లో కొలిచే ఏపీఐ పాయింట్లను తెచ్చింది. విశ్వవిద్యాలయాలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ కూడా పేపర్లను, సైటేషన్లను లెక్కిస్తుంది. డాక్టరేటుకు ముందు పేపరు ప్రచురించి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లో తొలగించింది. అది మంచి నిర్ణయమేనని నా అభిప్రాయం. ఆ నిబంధన పెంచింది పరిశోధనను కాదు, డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రికలను. అలాగని సైటేషన్ల లెక్కను చెత్తబుట్టలో వేయమని నేను అనను. సిఫారసులూ బంధుత్వాలూ రాజ్యమేలే చోట ఒక చిన్న ఊరి కళాశాల నుంచి వచ్చిన అభ్యర్థికి ఆ అంకె ఒక్కటే సాక్షి కావచ్చు. కాకపోతే ఆ సాక్షిని అడగవలసిన ప్రశ్న వేరు. 'ఈయన ఎంత గొప్పవాడు' అన్నదానికి అది జవాబు చెప్పలేదు. 'ఈయన చేసినదాన్ని ఎవరు, దేనికి వాడుకున్నారు' అన్నదానికి చెప్పగలదు, ఉటంకించిన పేపర్లను తెరిచి చూసే ఓపిక మనకు ఉంటే. నియామక సంఘాల్లో కూర్చునే పెద్దలు ఈ సభలో ఉన్నారు. అభ్యర్థి తనకు తానుగా ఎంచుకున్న రెండు పేపర్లను సంఘ సభ్యులు ముందుగా చదివి రావాలన్న నియమం ఒక్కటి పెట్టుకోవడానికి ఏ నియమావళీ అడ్డు రాదు.

సాంగర్ 1983లో, అరవై ఐదేళ్ళ వయసులో, అందరిలాగే పదవీ విరమణ చేసి ప్రయోగశాలకు రావడం మానేశారు. సర్ బిరుదు వద్దన్నారు. తోటపని చేసుకున్నారు. డైడియాక్సీ పేపరుకు వచ్చిన సైటేషన్లలో అత్యధిక భాగం ఆ తరువాత వచ్చినవే. ఇవాళ మీరు ఒక క్లోనును, అంటే నకలు తీసుకున్న డీఎన్‌ఏ ముక్కను, పరీక్షించుకోవడానికి గొట్టంలో డీఎన్‌ఏ పోసి ఏదో సంస్థకు పంపుతారు, మర్నాడు మెయిల్లో వరుస వస్తుంది, పేపరులో 'సాంగర్ సీక్వెన్సింగ్ చేయించాం' అని రాసి ఆ సంస్థ పేరు పెడతారు. 1977 పేపరును ఉటంకించరు, ఉటంకించమని సమీక్షకుడూ అడగడు. ఇన్సులిన్ పేపర్లకు పట్టిన గతే దీనికీ పడుతోంది, కాస్త ఆలస్యంగా.

నా సమయం అయిపోయింది. ప్రశ్నలు ఉంటే అడగండి. ముఖ్యంగా నియామక సంఘాల పెద్దలు అడిగితే ఇంకా సంతోషం. నమస్కారం.